రెండోసారి దవాఖానకు రాని బిడ్డను వెతుక్కుంటూ ఆలేరు వైపు

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఎదుగుదల మీద నేను రాసిన పరిశోధనా వ్యాసం పోయిన ఏడాది అచ్చయింది. మళ్లీ పరీక్షకు రాని పిల్లల గురించి అందులో ఒక వాక్యం ఉంది: "కుటుంబాలు శ్రద్ధ చూపలేదు." అది రాసేముందు నేను ఒక్క ఇంటికీ వెళ్లి అడగలేదు. అచ్చులో చదువుకున్నాక ఆ వాక్యం నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. మా దవాఖాన పాత రిజిస్టరులోంచి, ఫోను కలవని ఒక కుటుంబం చిరునామా రాసుకుని ఒక మంగళవారం బయల్దేరాను.

సికింద్రాబాదులో పొద్దున ప్యాసింజరు ఎక్కితే గంటన్నరకు కొంచెం అటూఇటుగా ఆలేరు చేరతాం. గుట్ట మీది గుడికి వెళ్లే భక్తులు ముందే దిగిపోవడంతో పెట్టె సగం ఖాళీ అయింది. స్టేషను బయట టీ తాగి షేర్ ఆటో ఎక్కాను. నేను వెళ్లాల్సింది నేతపనివాళ్ల ఊరు. అరగంట దారి, మనిషికి ముప్పై రూపాయలు. దారి పొడవునా పత్తి ఏరేసిన చేలల్లో ఎండుకట్టెలు నిలబడి ఉన్నాయి.

"ఎవలింటికి మేడం?" డ్రైవరు అడిగాడు. బిడ్డ తల్లి సుజాత పేరూ, ఆమె భర్త పేరూ చెప్పాను.

"కండ్లు కనవడని పిల్ల ఉన్నది, గా ఇల్లేనా?"

మా రిజిస్టరులో ఆ పిల్ల గురించి ఉన్నది పుట్టినప్పటి బరువు ఒక్కటే.

ముందుగదిలో భర్త మగ్గం మీద ఉన్నాడు. పక్కనే సుజాత నూలు కండెలు చుడుతోంది. నాలుగేళ్ల మానస తల్లి కొంగు పట్టుకుని, తల ఒక పక్కకు వంచి నా అడుగుల చప్పుడు వింటోంది. సుజాత నన్ను గుర్తుపట్టింది. "దవాఖానల మాకు జాగ్రత్తలు చెప్పిన మేడం మీరే గదా. కూసోండ్రి."

నెలలు నిండని పిల్లలకు కంటి వెనకపొర దెబ్బతినొచ్చు, నెలలోపు కనిపెడితే చికిత్స ఉంది; ఆ కంటి పరీక్షకు ఎందుకు రాలేదని అడిగాను. ఆమె లోపలికి వెళ్లి ప్లాస్టిక్ సంచిలోంచి డిశ్చార్జి కాగితం తెచ్చింది. పరీక్ష తేదీ రెండో వైపు, అడుగున, ఇంగ్లీషులో ఉంది.

"బిడ్డకు చలి తాకొద్దు, రెండు నెలలు బయట తిప్పొద్దు అని మీరే చెప్పిండ్రు మేడం. గట్లనే చేసిన. రాత్రి పగలు రొమ్ముకు కట్టుకొని కూసున్న. కండ్ల సంగతి ఎవలు చెప్పలే. ఆరో నెలల కరెంటు బుగ్గ దిక్కు చూస్తలేదని పట్నం తీస్కపోతే, ఆలస్యమైందన్నరు."

కాగితం మడుస్తూ అడిగింది. "అప్పుడే తెస్తే చూపు దక్కునా?"

అబద్ధం చెప్పాలనిపించినా చెప్పలేదు. "చాలావరకు దక్కేది" అన్నాను.

మగ్గం ఆగిపోయింది. గడప దగ్గర కూర్చున్న అత్త నర్సవ్వ తల దించుకుని, "ఇంట్లకెల్లి తియ్యొద్దని పట్టుబట్టింది నేనే" అంది.

"నీ తప్పు కాదవ్వా. నేను చెప్పిన మాటే నువ్వు పాటించినవు" అన్నాను.

సుజాత ఏడవలేదు, నన్ను తిట్టనూ లేదు. మానసను ఒళ్లోకి తీసుకుని, "మరి దీనికి బడి ఎట్ల?" అని మాత్రం అడిగింది. చూపులేని పిల్లల బడిలో పనిచేసే తెలిసినామెకు అక్కడి నుంచే ఫోను చేసి, మానసను చేర్పించే మాట మాట్లాడాను. జొన్నరొట్టె పెట్టారు, తిన్నాను. సాయంత్రం బండికి తిరిగొచ్చాను.

వ్యాసంలో ఆ వాక్యాన్ని సవరించమని పత్రికకు రాశాను. ఇప్పుడు మా దవాఖానలో కంటి పరీక్ష తేదీని తెలుగులో, పెద్ద అక్షరాలతో, కాగితం పైభాగానే రాస్తున్నాం. మానస ఆ బడికి పోతోంది. ఇవేవీ ఆమెకు చూపు తెచ్చిపెట్టవు. శ్రద్ధ లేకపోవడం అని నేను రాసింది, నిజానికి ఆ ఇంట్లో నా మాట మీద ఉంచిన నమ్మకం. ఇది ఎన్నాళ్లైనా నన్ను వదలదు. మీ ఇంట్లోగానీ, మీ ఎరుకలోగానీ నెలలు నిండకుండా బిడ్డ పుడితే, దవాఖాన నుంచి కదిలేముందే కంటి పరీక్ష తేదీ అడిగి తెలుగులో రాయించుకోండి. బిడ్డకు బాగా కప్పి, ముప్పై రోజులు దాటకముందే తీసుకెళ్లండి.