ఆరబెట్టిన స్ఫటికాలు

ధర్మవరం కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ నేను చేసిన పరిశోధనంతా ఒక రాగి సమ్మేళనం మీద. రాగి పరమాణువు చుట్టూ మిగతావి ఏ వరసలో కుదురుకున్నాయో ఎక్స్‌రేతో తేల్చి చూపితేనే థీసిస్ తీసుకుంటామని యూనివర్సిటీ వాళ్లన్నారు. గడువు ఆ నెలాఖరు. యంత్రం బెంగళూరులో ఉంది. నెలల తరబడి ఎదురుచూశాక దాని మీద నాకు ఒక మధ్యాహ్నం పూట దొరికింది.

స్ఫటికాలు బాగా పెరిగాయి. నీలంగా, ఉప్పురవ్వంత, అంచులు కోసినట్టుగా ఉండేవి. పెరిగిన ద్రవంలోనే ఉంచి తీసుకుపొమ్మని గైడు రెండుసార్లు చెప్పారు. పెనుకొండ దగ్గర మాకు భూములున్న రోజుల్లో మా ఇంటి నుంచి ఎవరికేం పంపినా కడిగి, తుడిచి, ఆరబెట్టి పంపేవాళ్లు. భూములు పోయాయి, ఆ పద్ధతి నాకు మిగిలింది. జిగురు కట్టిన సీసాతో పరాయివాళ్ల గడప తొక్కడం నాకు చిన్నతనంగా తోచింది. ద్రవం పారబోసి, స్ఫటికాలను వడపోత కాగితం మీద ఆరబెట్టి, కొత్త సీసాలో వేసుకుని పొద్దున్నే రైలెక్కాను.

ఎదురుగా పట్టుచీరల మూటతో ఒక నేతగాడు కూర్చున్నాడు.

“ఏమప్పా, ఆ సీసాను పసిబిడ్డ మాదిరి పట్టుకోనుండావు. ఏముండాది?”

“పరీక్షకు తీసుకుపోతున్నా.”

“షుగరుకా? నీలంగా ఉండాదే. తొందరగా చూపించుకో.”

పెనుకొండ స్టేషన్లో వెలుతురుకు ఎత్తి చూస్తే అంచులు తెల్లబడుతున్నాయి. స్ఫటికం సందుల్లో చిక్కుకున్న ద్రవమే లోపలి పరమాణువుల వరసలను నిలబెడుతుంది. అది ఆవిరైతే అన్నీ కూలిపోతాయి. నేనే ఎన్నోసార్లు చెప్పిన పాఠం. దిగితే దొరికిన పూట పోతుంది, దిగకపోతే చూపడానికేమీ మిగలదు. రైలు కదిలింది. కిటికీ ఊచ పట్టుకుని, నా కళ్ల ముందే అవి చచ్చిపోతుంటే చూస్తూ కూర్చున్నాను. హిందూపురం దగ్గర పడేసరికి సుద్దపొడిలా ఉన్నాయి.

“తడి పదునుండేదాన్ని ఎండబెడితే యాడ నిలుస్తాది? ఇంకొన్ని లేవా?” అన్నాడు నేతగాడు, ఆరబెట్టి తెచ్చానని నేను చెప్పాక.

బయలుదేరే ముందు నేను ద్రవం పారబోస్తుంటే మా ల్యాబు అటెండరు వద్దన్నాడు. వయసులో నాకంటే పెద్దవాడు. నీకేం తెలుసన్నాను. హిందూపురంలో దిగి అతనికే ఫోన్ చేశాను.

“ద్రవంలోనే కొన్ని రవ్వలుంచి ఒక సీసా దాచిపెట్టినా సార్. పారబోయబుద్ధి కాలేదు.”

“హిందూపురం తేగలవా?”

“ఇప్పుడే బస్సెక్కుతా. నాకేం తెలుసు కదా, మీరే చెప్పండి, మూత తీయాల్నా వద్దా?”

“తీయొద్దు” అన్నాను. తప్పు నాదేనన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

రెండు గంటలు బస్టాండులో నిలబడ్డాను. కూర్చోవాలనిపించలేదు. అతను సీసా ఇచ్చి, టీ కూడా తాగకుండా వెనక్కి బస్సెక్కాడు.

బెంగళూరులో, నాకిచ్చిన సమయం ఇంకో గంటే ఉందనగా, తెరమీద ఎక్స్‌రే చుక్కలు వరసలుగా పడ్డాయి; స్ఫటికం లోపలి అమరిక చెదరలేదు.

స్ఫటికాన్ని ద్రవంలోంచి తీసిన వెంటనే కొలిచామని థీసిస్‌లో రాశాను. అది నిజమే. ఆ సీసా ఎవరు దాచారో రాయలేదు. అచ్చయి, అట్ట కట్టి, లైబ్రరీకి చేరింది. ఇక అందులో ఒక్క మాట చేర్చే వీల్లేదు. అతనేమో రోజూ నాకు నమస్కారం పెడుతున్నాడు.