అరవై ఒకటో బొమ్మ

మా ముత్తాత సూర్యప్రకాశరావు గారు తూర్పు గోదావరిలో ఒక ఏటి కింద ఏడు కాలవలకు పెద్ద. ఏ కాలవకు ఎప్పుడు నీరు వదలాలో, ఎప్పుడు కట్టాలో ఆయన మాటే చెల్లేది. కలెక్టరు మకాం వేసినప్పుడు ఎదురుగా కుర్చీ వేసి కూర్చోబెట్టేది ఆ చుట్టుపక్కల ఆయన్నొక్కరినే. ఆయన తర్వాత మా తాత జగన్నాథరావు గారు ఆ పెత్తనం చేశారు. మా నాన్న కాలానికి పెత్తనం పోయి ఇంటిపేరు మిగిలింది. గొప్ప కోసం ఇదంతా చెప్పడం లేదు. జరిగినదానితో దీనికి సంబంధం ఉంది.

మా ఇంట్లో దెయ్యాలను నమ్మినవాళ్ళు లేరు. పొలాల్లో కొరివి దెయ్యం తిరుగుతోందని జనం భయపడితే మా ముత్తాత లాంతరు పట్టుకుని వెళ్ళి చూసి వచ్చేవారట. నేనూ అంతే. పదిహేడేళ్ళుగా అమెరికాలో, క్యారీ అనే ఊళ్ళో ఉంటున్నాను. రోజంతా కంప్యూటర్ ముందు అంకెలతో పని. ఇప్పుడు చెప్పబోయేది కూడా పగలు పదకొండు గంటలకు, కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతుండగా జరిగింది.

నేను పనిచేసే ల్యాబ్‌లో వాగుల పరీవాహక ప్రాంతాలను అధ్యయనం చేస్తాం. విమానం నుంచి లేజర్‌తో కొలిచిన నేల ఎత్తుపల్లాలను ప్రోగ్రామ్‌కి ఇస్తే, ఆ నేల మీద వాన కురిస్తే నీరు ఎటు పారుతుందో లెక్కగట్టి గీతలు గీస్తుంది. దానికి ముందు ఒక పని ఉంది. కొలతల్లో అక్కడక్కడా చిన్న గుంటలు కనబడతాయి. చాలావరకు అవి లేజర్ పొరపాట్లు. అలాగే వదిలేస్తే నీరు అక్కడే ఆగిపోయి బొమ్మలో వాగు తెగిపోతుంది. అందుకని ప్రోగ్రామ్ వాటిని ముందే పూడ్చేస్తుంది.

అదే ప్రోగ్రామ్‌ను కంటి ఫోటోలకు కూడా వాడుతున్నాం. కంటి వెనక పొర మీద రక్తనాళాలు వాగుల్లాగే చీలుతూ పోతాయి. కంప్యూటర్‌కి ముదురు రంగు పల్లం, లేత రంగు మెరక. నేలైనా కన్నైనా దానికి తేడా లేదు.

ఈ ఫోటోలు పంపేది ప్రభావతి గారు. రిటైరైన కంటి డాక్టరు, నలభై ఏళ్ళ క్రితం గుంటూరు నుంచి వచ్చినావిడ. ఒక ఉచిత క్లినిక్‌లో, షుగర్ ఉండి ఇన్సూరెన్స్ లేనివాళ్ళకు ఫోటోలు తీయిస్తుంటారు. ఫోటోలో చిన్న చిన్న ముదురు చుక్కలుంటే షుగర్ కంటిని పట్టుకోవడం మొదలైనట్టు. వాళ్ళను వెంటనే రమ్మంటారు. చుక్కలు లేనివాళ్ళకు ఏడాది తర్వాత రమ్మని ఉత్తరం వెళుతుంది. ఆ ఏడాదిలో కొందరికి చూపే పోవచ్చు.

ఆ శుక్రవారం ఆవిడ అరవై మంది ఫోటోలు పంపారు. మధ్యాహ్నానికి ఉత్తరాలు వెళ్ళాలి. నేను ఒక వాగు పని ముగించి, అదే విండోలో ఈ ఫోటోలు ఎక్కించి రన్ చేశాను. ఒక్క కంట్లోనూ చుక్క లేదని వచ్చింది. ఫోన్ చేసి, అందరూ బాగానే ఉన్నారని చెప్పాను. ఆవిడ తన ఇంట్లో నేను పంపిన ఫలితాల ఫోల్డర్ తెరిచి చూశారు.

“మూర్తి గారూ, నేను పంపింది సిక్స్‌టీ అండీ. మీరు సిక్స్‌టీ వన్ ఇచ్చారేంటి? జమీందారీ కొలతా ఇది, పైన ఒకటి కొసరా?”

నాకు ఆ మాట గుచ్చుకుంది. ఆవిడే ఒకటి ఎక్కువ పంపి ఉంటారని కాస్త కటువుగానే అన్నాను. అని లెక్కపెట్టాను. వచ్చినవి అరవై. నా ప్రోగ్రామ్ తిరిగి ఇచ్చినవి అరవై ఒకటి. చివరిది తెరిచాను.

అది కన్ను కాదు. కంటి ఫోటోలో నాళాలన్నీ ఒక గుండ్రటి తెల్లటి మచ్చ నుంచి బయలుదేరతాయి. ఇందులో ఆ మచ్చే లేదు. ఎడమ నుంచి లావుపాటి గీత ఒకటి వచ్చి ఏడు పాయలుగా చీలింది. మూడో పాయ మొదట్లో, వంపు దగ్గర, ఒక గుంట ఉంది. మిగతా అరవైలో ఎక్కడా గుంట లేదు.

ఊళ్ళో మా ఇంటి హాల్లో తలుపుకు ఎదురుగా ఏడు కాలవల పటం ఉండేది. మా ముత్తాత దగ్గరుండి గీయించినది. మూడో కాలవ మొదట్లో, వంపు దగ్గర, ఆయన ఎర్ర సిరాతో ఒక గుంటను గుర్తు పెట్టించారు. అది నీళ్ళన్నీ మింగేస్తోంది, పూడ్చండని రైతులు అడిగితే ఆయన పంచె ఎగగట్టి మెడలోతు దిగి చూశారట. అడుగున ఊట ఉంది, ఎండాకాలం కాలవకు నీళ్ళిచ్చేది అదే. పూడ్చనివ్వలేదు. దిగి చూడకుండా ఏ గుంటా పూడ్చకూడదన్నది అప్పటినుంచీ మా ఇంటి కట్టడి.

మా తాత హయాంలో మళ్ళీ అడిగారు. ఆయన గట్టు మీద నిలబడే సరేనన్నారు. ఆ ఏడాది మూడో కాలవ కింద పైరంతా ఎండిపోయింది. ఆ రైతులు మళ్ళీ మా గుమ్మం ఎక్కలేదు. మా ఇల్లు దిగజారడం అక్కడ మొదలైందని నాన్న అనేవారు.

తెర మీద ఆ గుంట వంక చూస్తూ ఉంటే, నేను చేసిన పని తట్టింది. సెట్టింగ్స్ తెరిచాను. గుంటలు పూడ్చే ఆప్షన్ ఆన్‌లోనే ఉంది. వాగు పని అయ్యాక నేను దాన్ని ఆఫ్ చేయలేదు. కంట్లో చుక్క ప్రోగ్రామ్‌కి గుంటే. అరవై మంది కళ్ళలో ఏమున్నా దిగి చూడకుండా పూడ్చేశాను.

ఫోన్ ఇంకా లైన్‌లోనే ఉంది. ఏదో టెక్నికల్ సమస్య అని చెప్పి మళ్ళీ రన్ చేస్తే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన నాకు రాలేదని అనను.

“డాక్టరు గారూ, ఉత్తరాలు ఆపండి. తప్పు నాదే,” అన్నాను. ఆ ల్యాబ్‌లో పదకొండేళ్ళలో ఆ మాట అనడం అదే మొదటిసారి.

ఆవిడ కోప్పడతారనుకున్నాను.

“ఆపేశాను. కంగారు పడకండి, మెల్లిగా మళ్ళీ రన్ చేయండి. నేను లైన్‌లోనే ఉంటాను.”

ఈసారి అరవై వెళ్ళాయి, అరవై వచ్చాయి. తొమ్మిది మంది కళ్ళలో చుక్కలున్నాయి. వాళ్ళలో ఒకాయన ట్రక్ డ్రైవర్ అనీ, ఇంకొంచెం ఆలస్యమైతే స్టీరింగ్ వదిలేయాల్సి వచ్చేదనీ, ఇప్పుడు నడుపుతున్నాడనీ ఆవిడ తర్వాత చెప్పారు. పేరు చెప్పలేదు. నేను అడగలేదు.

ఆ బొమ్మను ఆవిడా చూశారు. మా వాగుల్లో ఏదో ఒకటి కలిసిపోయి ఉంటుందన్నారు. నేనూ అదే అనుకుని మా దగ్గరున్న ప్రతి వాగుతోనూ పోల్చాను. దేనితోనూ కలవలేదు. మా సిస్టమ్స్ విభాగం వాళ్ళు చూసి, ఆ ఫైల్ అరవయ్యోదాని తర్వాత ఒక సెకనుకు తయారైందన్నారు. దేన్నుంచి తయారైందో చెప్పలేకపోయారు. మన దేశపు నేల కొలతలు ఆ మెషిన్‌లోకి ఎప్పుడూ రాలేదు. మా హాల్లో పటానికి ఎవరూ ఫోటో తీసిన గుర్తు నాకు లేదు.

నలభై ఏళ్ళ నాటి జ్ఞాపకం. ఏడుగా చీలే ఏరు ఇంకెక్కడా ఉండదని కాదు. నా మనసే రెంటినీ కలిపేసి ఉండవచ్చు. ఎన్నోసార్లు అలా సర్దిచెప్పుకున్నాను. ప్రతిసారీ ఆ ఎర్ర గుంట దగ్గర ఆగిపోతున్నాను.

ఆ బొమ్మ ప్రింటు నా సొరుగులో ఉంది. పటం పక్కన పెట్టి చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. నేను పదో తరగతిలో ఉండగా నాన్న ఆ పటాన్ని, టేకు చట్రంతో సహా, మద్రాసు నుంచి వచ్చిన పాత సామాన్ల వ్యాపారికి అమ్మేశారు.