డెబ్బై ఒకటి దగ్గర ఆపేసిన లెక్క

నిన్న అమీర్‌పేటలో జిరాక్స్ తీయించుకుంటే చేతికిచ్చిన బిల్లు మీద నంబరు 10001. వేడి కాగితాల వాసనలో నిలబడి ఆ అంకెల్నే మళ్ళీ మళ్ళీ చదివాను.

మీకూ గుర్తుండే ఉంటుంది, ఇంటికొకరు కంప్యూటర్ కోర్సులో చేరిన రోజులు. మా ఇంట్లో చిన్నమ్మ చేరింది. ఇచ్చినది ప్రధాన సంఖ్యో కాదో, అంటే ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ శేషం లేకుండా భాగం పోనిదో కాదో చెప్పే ప్రోగ్రాం రాసింది. మర్నాడు పరీక్ష. నెగ్గితే బేగంపేటలో ఇంటర్వ్యూ. ల్యాబ్‌లో 10001 ఇస్తే కంప్యూటర్ "కాదు" అందట. ఆమెకు నమ్మకం కుదరలేదు.

"జర నువ్వు చెయ్యితోని చేసి చూడే. వంద లోపల దేంతోనన్న పోతదా? అండ్ల పోకుంటే ఇగ దేంతోని పోదు."

ఏడో తరగతిలో నేను లెక్కల పులిని. పాత క్యాలెండర్ కాగితం వెనక ఒక్కొక్క ప్రధాన సంఖ్యతో భాగించుకుంటూ వెళ్ళాను. డెబ్బై ఒకటి దాటేసరికి విసుగొచ్చి ఆపేశాను.

"దేంతోని పోతలేదు చిన్నమ్మా."

"అయితే నా ప్రోగ్రామే తప్పు," అని మొత్తం కొట్టేసి మార్చి రాసుకుంది.

పొద్దున ఆమె వెళ్ళాక ఊరికే డెబ్బై మూడుతో చూశాను. శేషం సున్నా. చెబుదామంటే ఫోన్ లేదు. సాయంత్రం దాకా ఆ లెక్కల కాగితం పట్టుకుని మెట్ల మీదే కూర్చున్నాను.

చిన్నమ్మ వచ్చి చెప్పులు విప్పుతూ, "పరీక్ష పోయింది బిడ్డా. నువ్వు మంచిగనే చూసి చెప్పినవ్, నేనే మల్ల తప్పు రాసిన," అంది. కాగితాన్ని గుప్పిట్లో ఇంకా గట్టిగా నలిపాను.

చిన్నమ్మా, ఈ పోస్టు నువ్వు చదువుతావని తెలుసు. 10001 డెబ్బై మూడుతో పోతుంది. నీ మొదటి ప్రోగ్రామే కరెక్టు.