కోడలి ఖాతాలో పడిన అంగడి దుడ్లు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు సహోదరులారా, అమ్మలారా! నాకు సదువు రాదు, నేను చెప్తాంటే నా మనవరాలు, నా కొడుకు బిడ్డ, రాస్తాంది, తప్పులుంటే దాన్నేమీ అనగాకండి. పోయిన వానాకాలం మా ఇంట్లో వండిన అన్నం వండినట్లే ఉండె, ఫోను మోగితే చాలు ఏం చెడ్డ కబురో అని ప్రభువా ప్రభువా అంటాంటి!

మాది నంద్యాల. నా కొడుకు సామేలు బేతంచెర్ల నుంచి పాలిష్ బండలు ట్రాక్టర్లో తెచ్చి ఈడ అంగడి పెట్టుకుని అమ్ముతాడు. కోడలు కరుణ ఆళ్లగడ్డలో గవర్నమెంటు బడిలో టీచరు, పొద్దున్నే బస్సెక్కి పోయి సాయంత్రం వస్తాది. మా ఇంట్లో ఒక పద్ధతి ఉండాది, మొగోడు సంపాదించిన దుడ్లు ముందు భార్య చేతిలో పెట్టాల, ఆమె ప్రార్థన చేసినాకే ఖర్చు పెట్టాల. మా ఆయన ఉన్నన్నాళ్లూ నాకట్లే పెట్టె. ఇప్పుడు అందరూ ఫోన్లతోనే ఇస్తాండారు గదా, అందుకని నా కొడుకు అంగడి స్కానరు గూడా కరుణ జీతం పడే ఖాతాకే పెట్టించె. బండలు కొన్నోళ్లంతా దానికే కొడతాండ్రి, ఆమె అందులోంచే బండలిచ్చిన గనులోళ్లకు పంపిస్తాండె. ఆమె జీతానికి పన్ను బడిలోనే పట్టుకుంటారు, అంతటితో అయిపాయ అనుకునిరి ఇద్దరూ. అంగడికి వేరే లెక్క చూపియ్యాలని మా వానికి తోచనే లేదు!

అప్పుడు కరుణకు ఇన్‌కం టాక్సు నోటీసు వచ్చె. నీ జీతం ఇంత, ఖాతాలో ఇంత యాడనుంచి పడిందీ అని. ఆ బిడ్డ, గవర్నమెంటు కొలువులో ఉండి యాపారం చేస్తాండావని కొలువు పీకేస్తే ఏం గతి అని ఒకటే ఏడుపు. ఆళ్లగడ్డలోని పుట్టింటి నుంచి వాళ్లన్న వచ్చె. "ఏందప్పా బావా, మా చెల్లెలు కొలువు పోతే నీ బండలు నెత్తికెత్తుకుని తిరగాల్నా?" అని నిలబెట్టి అడిగి, చెల్లెల్ని ఎంటబెట్టుకుని పాయ. నా కొడుకు చెప్పులేసుకుని అంగడికి పాయ. పాపా, ఇది గూడా రాయి, మీ నాయన కోపం చేసుకుంటే చేసుకోనీ.

అంగడికాడికొచ్చే ఒకాయన, "పిచ్చోడా, అంగడి ఆమెదే, నేను ఆడ కూలికి ఉండానంతే అని రాసిచ్చెయ్, నీ మీదికేమీ రాదు" అని నూరిపోసె. వీడు ఔననలా, కాదనలా. అదే నా బయం సహోదరులారా! వాడు ఆ మాటకు సంతకం పెడితే కోడలి కొలువూ పోతాది, కోడలూ తిరిగి రాదు.

అన్నం మాని మోకాళ్లూనినా. "నాయనా యేసయ్యా, ఈ పన్నులు నాకు తెలీవు తండ్రీ! దుడ్లు పోతే పోనీ, నా కొడుకు నోట్లోంచి నిజం రానీ, పెండ్లాము ముందర వాడు తలెత్తుకునేట్ల చెయ్యి తండ్రీ!" అని ఏడిస్తి. వాడు గడపకాడ కూసుని ఇంటాండాడని నాకు తెలుసు, అందుకే ఇంకా గట్టిగా చేస్తి!

తెల్లారి వాడు ఆళ్లగడ్డ బస్సెక్కె. వాళ్లత్త ముందర, బావమర్ది ముందర, "అంగడి నాది, పన్ను నేను కడతా, కరుణది ఉట్టి ఖాతా మాత్రమే అని నేనే రాసి సంతకం పెడతా" అనె. కరుణ లోపల్నుంచి వచ్చి, "ఈ మాట ఆ పొద్దే అనింటే నేను ఇల్లు దాటుదునా?" అనె.

ఇద్దరూ కలిసి నంద్యాలలో ఆడిటర్ కాడికి పోయిరి. ఎవరి సంపాదన వాళ్ల పేరు మీదనే చూపియ్యాల, ఆలుమగలైనా అంతే అని ఆయన కోప్పడి, బండలు కొన్న బిల్లులన్నీ జతచేసి జవాబు రాయించె. మా వాడు ట్రాక్టరు అమ్మి పన్నూ జరిమానా కట్టె. అయినా నిద్ర యాడిది? హెడ్మాస్టరు పిలిస్తే చాలు, కొలువు పీకే కాగితమే వచ్చిందనుకునేదంట కరుణ. కడాకు తట్టుకోలేక తానే ఆయనకు చెప్పుకునె. ఆయన, "యాపారం నీది కాదు గదమ్మా, బేగా స్కానరు మీ ఆయన ఖాతాకు మార్పించు" అనె. కొన్నాళ్లకు మీ వివరణ ఒప్పుకుంటిమని టాక్సోళ్ల కాడనుంచి వచ్చె. దేవునికే మహిమ! కొలువు నిలిచె, కాపురం నిలిచె!

ఇప్పుడు మా వాడు స్కానరు తన ఖాతాకే పెట్టుకుని, బాడుగ ట్రాక్టరుతో బండలు తెస్తాండాడు, లాభం తగ్గింది, అబద్ధం చెప్పను. మీలో ఎవరికన్నా ఇట్లాంటి నోటీసు వచ్చి, ఒకరికి తెలీకుండా ఒకరు దాచుకుని కుములుతాండారేమో. తప్పు ఒకరిమీద ఒకరు తోసుకోగాకండి నాయనా. ఇద్దరూ కలిసి మోకరించండి, లేసినాక ఇద్దరూ కలిసే ఆడిటర్ కాడికి పోండి. నిజం చెప్పేదానికి నోరు రాకపోతే నోరిమ్మని అడగండి, మా వానికి ఇచ్చిన దేవుడు మీకియ్యడా? ఆమెన్.