నెరిడా వంపని నీళ్లు

నెరిడా క్విల్టీ పోయి నాలుగేళ్లయింది. ఆవిడ జీవితం మొత్తంలో నేను కళ్లారా చూసిన గొప్ప సంగతి ఏదని ఎవరైనా అడిగితే, ఒక గురువారం సాయంత్రం ఐదున్నరకు మొదలుపెట్టి ఆరు కాకముందే ఆవిడ వండి దించిన కోడిమాంసం పాస్తా అంటాను. నవ్వుతారని తెలుసు. ఆ రోజు ఆ వంటింట్లో నిలబడి ఉంటే నవ్వరు.

నేను ఆవిడ పక్కింటివాణ్ణి. మా వైపు పక్కిల్లంటే మధ్యలో ఒక గోధుమ చేను అన్నమాట. కుర్రింగా ఊరు దాటి నాలుగు కిలోమీటర్లు వచ్చాక ఉంటాయి మా ఇళ్లు. ఊరి నీటి గొట్టం ఇంతవరకు రాదు. ఇంటి రేకుల మీద పడ్డ వానే పక్కనున్న రేకు ట్యాంకులోకి దిగుతుంది. తాగడానికి, వండుకోవడానికి, స్నానానికి అన్నిటికీ అదే. నేను బడిలో పాఠాలు చెప్పి రిటైరయినవాణ్ణి. నెరిడా ముప్పై ఏళ్లు గొర్రెల ఉన్ని కత్తిరించే షెడ్లలో వంటమనిషి. ఏ షెడ్డుకు పని వస్తే ఆ షెడ్డుకు వెళ్లి, పద్దెనిమిది మంది కూలీలకు రోజుకు ఐదుసార్లు తిండి పెట్టి, ఉన్ని కోత అయిపోయాక ఇంటికొచ్చేది. ఆ చేతి తిండి తిన్నవాళ్లు ముసలివాళ్లయ్యాక కూడా దార్లో ట్రక్కు ఆపి, "ఏం నెరిడా, పొయ్యి వెలుగుతోందా?" అని పలకరించి పోయేవారు.

డెబ్బై తొమ్మిదో ఏట, ఫిబ్రవరి ఎండల్లో, పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి పడిపోయింది. ఎడమ కాలు ఈడుస్తూ నడిచేది. ఆసుపత్రిలో రెండు నెలలు ఉంచి ఇంటికి పంపారు. కూతురు లోరెల్ మిల్డూరాలో ద్రాక్ష ప్యాకింగ్ షెడ్డులో పని చేస్తుంది. సెలవు పెట్టి వచ్చి పదిహేను రోజులు తల్లి దగ్గర ఉంది. ఆ సెలవూ అయిపోవచ్చింది.

"మాస్టారూ, సంగతి మీకు సూటిగా చెప్తాను," అంది లోరెల్, మా గుమ్మంలో నిలబడి. బళ్లో నా దగ్గర చదువుకున్న పిల్ల. నలభై తొమ్మిదేళ్లొచ్చినా నన్ను అలాగే పిలుస్తుంది. "మిల్డూరాలో వృద్ధుల హోములో ఒక మంచం ఖాళీ అయింది. శుక్రవారం మధ్యాహ్నం దాకా అమ్మ పేరు మీద ఉంచుతామన్నారు. గురువారం ఆసుపత్రి నుంచి ఒకావిడ వచ్చి, అమ్మ తన వంటింట్లో తనంతట తానే ఒక పూట వండుకోగలదో లేదో చూస్తుంది. చేయగలదని రాసిందా, ఇక్కడే ఉంటుంది. లేదంటే శుక్రవారం పొద్దున పెట్టె సర్దడమే."

"మీ అమ్మ ఏమంటోంది?"

"ఏమంటుంది? 'ఆ వచ్చే మనిషికి ఆకలి వేస్తుందా వెయ్యదా, అది చెప్పు' అంటోంది."

లోరెల్ చేతిలో ఒక కాగితం ఉంది. వచ్చే ఆవిడ ఏమేం చూస్తుందో వరసగా అచ్చు వేసిన జాబితా. నాకు ఏ కాగితం చేతికిచ్చినా చివరిదాకా చదివే జబ్బు. చదివాను. కత్తి పట్టుకోవడం, పొయ్యి వెలిగించి ఆర్పడం, డబ్బా మూత తియ్యడం... తొమ్మిదో గడి దగ్గర ఆగిపోయాను. 'వేడి నీళ్లు జాగ్రత్తగా వంపుట.'

ఇద్దరం వెళ్లి నెరిడాకు చెప్పాం. ఆవిడ వంటబల్ల దగ్గర కూర్చుని ఉల్లిపాయ మీద కసరత్తు చేస్తోంది. అంతకు వారం ముందు ఆవిడ చెప్పినట్టే నేను ఒక చెక్కకు రెండు పొడుగాటి మేకులు కిందనుంచి కొట్టి ఇచ్చాను. మొనలు పైకి ఉంటాయి. ఉల్లిపాయను వాటి మీద గుచ్చితే కదలదు, ఒంటి చేత్తో తరుక్కోవచ్చు.

"ఎందుకు వంపాలి?" అంది తలెత్తకుండా.

"పాస్తా ఉడికించాక నీళ్లు వంపుతారు కదా," అన్నాను.

"ఎవరు?"

"అందరూ!" అంది లోరెల్. "అమ్మా, నీకు దణ్ణం పెడతాను, ఈ ఒక్క రోజుకి పెద్ద గిన్నెలో నీళ్లు మరగబెట్టి వంపెయ్యి. ఆవిడ గడిలో టిక్కు పెట్టుకుని వెళ్లిపోతుంది. నీ మొండితనం ఆ తర్వాత చూసుకో."

"మంచి మాట చెప్తోంది," అన్నాను నేను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేదు.

నెరిడా లేచింది. కాలీడ్చుకుంటూ పెరట్లోకి వెళ్లి ట్యాంకు పక్కన నిలబడి, కుడిచేతి మెటికలతో పైనుంచి కిందికి రేకు మీద కొడుతూ వచ్చింది. ఖాళీగా ఉన్నంత మేరా ఖంగుమని మోగింది. ట్యాంకు చుట్టూ వరసగా ఉన్న రేకు మడతల్లో కిందనుంచి నాలుగో గాడి దగ్గరకొచ్చాక మోత చచ్చిపోయింది. అక్కడే నీళ్లు.

"నాలుగు గాళ్లు," అంది. "వాన ఎప్పుడొస్తుందో నీ పుస్తకాల్లో ఎక్కడైనా రాసి ఉందా పంతులూ? ఉంటే చెప్పు, వంపేస్తాను."

గురువారం వచ్చింది. ఆసుపత్రి ఆవిడ పేరు టామ్సిన్. మర్యాదస్తురాలు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో అట్టకు బిగించిన ఆ కాగితమే. "నెరిడా గారూ, నేను లేననుకోండి. మీరు రోజూ ఎలా చేసుకుంటారో అలాగే చెయ్యండి," అంటూ సింకు దగ్గర కుళాయి తిప్పి చేతులు కడుక్కుంది. కుళాయి పారుతుండగానే తువాలు కోసం అటు తిరిగింది. నెరిడా మోచేత్తో ఠక్కున కట్టేసింది.

"లేవనుకుంటే ఈ నీళ్లు ఎవరు పారబోస్తున్నట్టు?"

టామ్సిన్ ముఖం ఎర్రబడింది. లోరెల్ తల పట్టుకుంది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. మాట సాయం కూడా చెయ్యకూడదని మా ఇద్దరికీ ముందే చెప్పారు.

అప్పుడు మొదలైంది. నెరిడా ఉల్లిపాయను మేకులకు గుచ్చింది. నాలుగు కోతలు, ఒక తిప్పు, మళ్లీ నాలుగు. కేరట్‌ను నిలువునా గుచ్చి తొక్క గీకింది. వెల్లుల్లి రెబ్బ మీద కత్తి పలకగా పెట్టి అరచేత్తో ఒక్క చరుపు చరిచింది. కోడి తొడమాంసాన్ని మేకులకు తగిలించి, కత్తెరతో గుడ్డ కత్తిరించినట్టు ముక్కలు చేసి, చెయ్యీ కత్తెరా కాసిన్ని సబ్బు నీళ్లలో కడుక్కుంది. టమాటా డబ్బాను సొరుగులో నిలబెట్టి, నడుముతో సొరుగు నొక్కి బిగించి, మూత తీసింది. ఇక పాస్తా పొట్లం. పడిపోయిన ఎడమ చేతిని కుడిచేత్తో ఎత్తి దాని మీద బరువుగా పెట్టింది.

"ఊరికే కూర్చుని తింటే ఎలా? నువ్వూ ఓ పని చెయ్యి," అంది ఆ చేతితో. పొట్లం కదలలేదు. కత్తెరతో మూల కత్తిరించింది.

ఒక్కటే వెడల్పాటి బాణలి. నూనె కాగగానే మాంసం వేసింది. అది ఎర్రబడేదాకా కదపలేదు, ముట్టుకోలేదు. తర్వాత ఉల్లి, వెల్లుల్లి, కేరట్, ఎర్ర క్యాప్సికమ్. వాటి మీద గొట్టాల్లాంటి పాస్తా, పచ్చిదే, గలగలా పోసేసింది. టమాటా కుమ్మరించింది. ఖాళీ డబ్బాలో కాసిని నీళ్లు పోసి గిలకరించి అవీ పోసింది. ఇనప మగ్గుతో రెండు మగ్గుల నీళ్లు, పాస్తా మునిగీ మునగనంత. ఉప్పు వేసి, ఒకసారి కలిపి, మూత పెట్టింది.

పెట్టి, పొయ్యికి వీపు చూపించి, కుర్చీలో కూర్చుంది. టామ్సిన్‌ను పిల్లలెందరని అడిగింది. ఇంకా పెళ్లి కాలేదంటే, "తొందరేం లేదు, మొగుడు ఎక్కడికీ పోడు, వచ్చాక అసలే పోడు," అంది. మధ్యలో రెండుసార్లు లేచి, గరిటెతో అడుగు నుంచి ఒక్కో తిప్పు తిప్పి, మళ్లీ కూర్చుంది. గడియారం వైపు కన్నెత్తి చూడలేదు.

నేను మాత్రం వింటున్నాను. మొదట బాణలిలోంచి నీళ్ల మోత గలగలమంటూ వచ్చింది. ఆ తర్వాత గుబగుబలాడింది. నెరిడా మాట సగంలో ఆపి లేచి, కీరాదోసలాంటి జుకినీ ముక్కలు, బఠాణీలు పైన చల్లి, మూత పెట్టేసి మళ్లీ కూర్చుంది. మోత ఇంకా చిక్కబడింది, పంచదార పాకం ఉడికేటప్పుడు వస్తుందే, అలా. నాకు ఏ తేడా తెలియని ఒకానొక క్షణంలో ఆవిడ చెయ్యి వెనక్కి వెళ్లి పొయ్యి ఆర్పేసింది.

మూత తీసింది. చుక్క నీరు లేదు. పాస్తా ప్రతి గొట్టమూ మెరుస్తోంది, ముక్కలన్నిటికీ ఎర్రటి చిక్కని పులుసు పట్టింది. బఠాణీలు పచ్చగా నవ్వుతున్నాయి. ఎన్నో పుస్తకాలు చదివాను. పాస్తా ఉడకడమూ, నీళ్లు ఇగరడమూ ఒకే క్షణంలో పూర్తయ్యేలా చెయ్యడం ఎలాగో ఎక్కడా చదవలేదు. ఒంటి చేతి మనిషి, పొయ్యికి వీపు పెట్టి కూర్చుని, చెవితో వండింది. నాకు గుడిలో నిలబడ్డట్టయింది. లోరెల్ వైపు చూస్తే, పుట్టినప్పటినుంచీ ఆ చేతి తిండి తిన్న పిల్ల, తనూ నోరు తెరుచుకుని చూస్తోంది.

"ఇరవై ఆరు నిమిషాలు," అంది టామ్సిన్ మెల్లిగా. కాగితం మీద టిక్కులు పెడుతూ వచ్చిన పెన్ను ఆగిపోయింది. "నెరిడా గారూ, ఒక్కటి మిగిలిపోయింది. వేడి నీళ్లు ఎలా వంపుతారో నేను చూడాలి."

"ఏ నీళ్లు?" అంది నెరిడా.

టామ్సిన్ బాణలిలోకి చూసింది. కాగితం వైపు చూసింది.

"మా వైపు ద్రాక్షతోటల్లో ఒక ఇటలీ ముసలామె ఉండేది," అంది నెరిడా, పళ్లేలు బల్ల మీద జరుపుతూ. "పాస్తాకు సముద్రమంత నీళ్లు కావాలని నన్ను తిట్టేది. సముద్రం మీ ఊళ్లో ఉందమ్మా, మా ఊళ్లో లేదన్నాను. షెడ్లలో నీళ్ల బండి పది రోజులకోసారి వచ్చేది. పద్దెనిమిది మందికి వండాలి. బంగాళాదుంపలు ఉడికిన నీళ్లు సూపులోకి. మాంసం ఉడికిన నీళ్లు మర్నాటి పులుసులోకి. యాభై ఏళ్లలో ఒక్క గిన్నెడు నీళ్లు సింకులో పోసి ఎరగను. ఇప్పుడు నీ కాగితం కోసం పొయ్యమంటావా?"

లోరెల్ లేచి నిలబడింది. "నేను పెడతాను గిన్నె. ఒక్కసారి వంపి చూపిస్తుంది. అమ్మా..."

"వద్దు," అంది టామ్సిన్. గట్టిగానే అంది. పెన్ను బల్ల మీద పెట్టింది. "ఆ గడి ఎందుకుందో తెలుసా? ఇళ్లకు వెళ్లినవాళ్లలో మళ్లీ ఒళ్లు కాల్చుకుని మా దగ్గరకొచ్చేది ఎక్కువగా ఆ పని దగ్గరే. మరిగే నీళ్ల గిన్నె ఒంటి చేత్తో ఎత్తడం. ఎలా ఎత్తాలో నేర్పుతాం. అసలు ఎత్తకుండా వండొచ్చని..." ఆగి, బాణలి వైపు మళ్లీ చూసింది.

నేను గోడకు ఇంకొంచెం ఆనుకున్నాను. మంచి మాట అని ఆవిడ చేతికి నేను ఇవ్వబోయింది ఆ గిన్నే.

టామ్సిన్ తొమ్మిదో గడి మీద అడ్డంగా ఒక గీత గీసింది. ఆ గీత పక్కన ఏదో రాయబోతే చోటు చాలలేదు. కాగితం తిరగేసి వెనకవైపు రాయడం మొదలుపెట్టింది. చాలాసేపు రాసింది. చివర సంతకం పెట్టి, లోరెల్ వైపు జరిపింది. లోరెల్ మొదటి రెండు వాక్యాలు చదివి, ఆ పైన చదవలేక, నాకు ఇచ్చింది. చివరి వాక్యం ఇది: 'ఈమె తన ఇంట్లో ఉండవచ్చు. వంట విషయంలో ఈమెకు మేము నేర్పవలసినది లేదు. ఈమె దగ్గర నేర్చుకోవడానికి అనుమతి ఇప్పించగలరు.'

"చల్లారిపోతోంది," అంది నెరిడా. "రాతలు అయ్యాయా?"

నలుగురం తిన్నాం. టామ్సిన్ రెండోసారి వడ్డించుకుంది. లోరెల్ పళ్లెం ముట్టకుండా వసారాలోకి వెళ్లి ఫోను చేసింది. "అవునండీ, ఆ మంచం ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి," అని చెప్పడం వంటింట్లోకి వినబడింది. తర్వాత చాలాసేపు అక్కడే ఉండిపోయింది. ముక్కు చీదుకుంటూ లోపలికొచ్చి, తల్లి పక్కన కూర్చుని, చల్లారిన పాస్తా అంతా తినేసింది.

టామ్సిన్ వెళ్లేటప్పుడు తన గ్లాసులో అడుగున మిగిలిన నీళ్లతో సింకు దాకా వెళ్లి ఆగింది. వెనక్కి తిరిగి, కిటికీలో ఉన్న జెరేనియం పూల కుండీలో పోసింది.

కారు చేను దాటి దుమ్ము లేపుకుంటూ పోయేదాకా నెరిడా గుమ్మంలో నిలబడి చూసింది. నేను ఏదో ఒకటి చెప్పాలనుకున్నాను. ఆ మోత ఎలా తెలిసింది, ఆ క్షణం ఎలా తెలిసింది అని అడగాలనుకున్నాను.

"పంతులూ," అంది నావైపు తిరిగి, కాస్త ఆత్రంగా. "టమాటా డబ్బా కడిగిన నీళ్లు కూడా పారబొయ్యకుండా అందులోనే పోశాను కదా. అది చూసిందంటావా?"