సామి దగ్గరికి పోయిన తాత

మాది తెనాలి. మా వైపు మనుషులు ఊరికి ‘వెళ్తారు’. ‘పోయాడు’ అన్నామంటే ఇక తిరిగి రాడని అర్థం. ఆదోనిలో మున్సిపాలిటీ నడిపే వృద్ధాశ్రమంలో నర్సుగా చేరిన రెండో రోజే ఈ తేడా నా పరువు తీసింది.

పొద్దున డ్యూటీకి వెళ్లేసరికి హనుమంతప్ప తాత మంచం ఖాళీగా ఉంది. ఆయా లక్ష్మక్కను అడిగాను.

“సామి దగ్గరికి పోయినాడు మేడమ్, తెల్లారకముందే,” అంది గచ్చు తుడుస్తూ.

అంత తాపీగా చెప్పిందంటే ఇక్కడ ఇది మామూలేమో అనుకున్నాను. ఎమ్మిగనూరులో ఉన్న ఆయన కొడుక్కి ఫోన్ చేసి, ఏడుస్తూనే కబురు చెప్పాను.

ఎండెక్కేసరికి కొడుకూ కోడలూ పూలదండతో ఆటో దిగారు. కోడలు ఖాళీ మంచం పట్టుకుని శోకాలు పెడుతుంటే, పోయిందెవరో అడక్కుండానే లక్ష్మక్క కూడా పక్కన కూర్చుని ఏడ్చింది.

“మా నాయన యాడుండాడు మేడమ్?” అన్నాడు కొడుకు.

ఆ మాట నేను అసలు అడగనేలేదని అప్పుడు తట్టింది.

అంతలో మంత్రాలయం ప్రసాదం సంచితో తాత గుమ్మంలోకి వచ్చాడు. సంగతి విని నన్ను ఎగాదిగా చూశాడు.

“నేను బస్సెక్కి మంత్రాలయం పోతే, నువ్వు నన్ను యాడికి పంపినావమ్మా?”

కొడుకు చేతిలోని దండ తీసుకుని, “దుడ్లు పెట్టి తెచ్చినావు, పాడెందుకు సేస్తావు,” అంటూ తన మెడలోనే వేసుకుని భోజనానికి కూర్చున్నాడు.

ఇప్పుడు ఆ ‘పోయినాడు’ నాకూ అంటుకుంది. మొన్న మా అమ్మ ఫోన్ చేసి అల్లుడేడని అడిగితే, “పొద్దున్నే పోయినాడమ్మా,” అన్నాను.

అటువైపు అమ్మ శోకాలు అందుకుంది.