బల్ల సొరుగులో నా జవాబులు

ఇప్పుడు పిల్లలు ఫోను గోడకి ఆనించుకుని ఆన్‌లైన్ పాఠాలు వింటుంటే చూస్తూ ఉంటాను. అర్థం కాకపోతే అక్కడికక్కడే అడిగేస్తారు, అవతల నుంచి మాస్టారు బదులిస్తారు. నేను కాలేజీకి వెళ్ళకుండా డిగ్రీ చదివిన ఎనభైల్లో నా చదువంతా పోస్టులోనే. పుస్తకాలు యూనివర్సిటీ వాళ్ళు పంపాలి, జవాబులు నేను పంపాలి. మధ్యలో మనిషంటూ లేడు.

రాజోలు దగ్గర మా ఊరు. పొద్దున్నే వంట చేసి, పడవలో గోదావరి పాయ దాటి, అవతలి ఒడ్డున చిన్న బళ్ళో పిల్లలకి అరిచి అరిచి పాఠం చెప్పి, సాయంత్రం మళ్ళీ పడవెక్కేదాన్ని. మా ఆయన మస్కట్‌లో ఉండేవారు. ఇంట్లో నేనూ మా అత్తగారూ. డిగ్రీ చేతికొస్తే హైస్కూలుకి వెళ్ళే దారి దొరుకుతుంది, ఈ పడవ బాధ తప్పుతుంది అన్నదొక్కటే నా ఆశ. చదువు మీద ప్రేమా గీమా అని గొప్పలు చెప్పుకోను. పుస్తకం తెరిస్తే కళ్ళు మూతలు పడేవి. రేడియోలో పాఠం వచ్చే వేళకి నేను అన్నం వారుస్తూ ఉండేదాన్ని. ఆ గొంతు నా కోసం ఆగేది కాదు.

జవాబులు వాళ్ళు పంపిన కాగితాల మీదే రాయాలి. గడువులోగా చేరకపోతే ఆ ఏడు పరీక్షకి కూర్చోనివ్వరు. నెలన్నర పాటు తెల్లవారుజామునే లేచి రాశాను. చివరికి ఓ శనివారం కవరు అంటించి, సోమవారం రేవుకి వెళ్తూ పోస్టులో వేద్దామని రేడియో మీద పెట్టాను. శుక్రవారంతో గడువు సరి. మధ్యలో ఆదివారం అమలాపురంలో క్లాసు. నెలకోసారి ఒక లెక్చరరుగారు వచ్చి ఒక్క పూటలో పుస్తకం సగం గడగడా చదివేసి వెళ్ళిపోయేవారు. అది వినేసి, బస్సులో నిలబడి ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. రేడియో మీద కవరు లేదు.

"గుళ్ళో పెట్టేనమ్మా," అన్నారు మా అత్తగారు సంబరంగా. "పరీక్ష కాయితాలు కదా! అయ్యగారి చేత ప్రార్థన చేయించి బల్ల సొరుగులో పెట్టించేను. అబ్బాయి వీసా కాయితం అలా పెడితేనే కదా, నెల తిరక్కుండా విమానం ఎక్కేడు."

మా చర్చి సంఘంలో అది అలవాటే. ఉద్యోగం దరఖాస్తయినా, హాల్ టిక్కెట్టయినా ఆరాధన బల్ల సొరుగులో వారం రోజులు ఉండి రావాలి. తాళం పాస్టరుగారి దగ్గరుంటుంది. ఆయన ఆ మధ్యాహ్నమే ఎక్కడో సభలకని బస్సెక్కేశారు, మళ్ళీ ఆదివారం గానీ రారు. తాళం పగలగొట్టండని సంఘపెద్దల్ని అడిగే ధైర్యం నాకు లేదు. ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మొహం చూసి, నోటిదాకా వచ్చిన మాట మింగేశాను.

వారం తర్వాత కవరు చేతికొచ్చింది. ఆలస్యానికి కారణం రాసి పంపాలి. దేవుడి బల్లలో ఉండిపోయాయని ఏ యూనివర్సిటీకి రాస్తాం? జ్వరమని రాశాను. ఎదురుగా ఒక మాస్టారంటూ ఉంటే కాళ్ళావేళ్ళా పడి బతిమాలేదాన్ని. అక్కడెవరున్నారో, అసలు ఉన్నారో లేదో. కొన్నాళ్ళకి ఒక అచ్చు కార్డు వచ్చింది. గడువు దాటిన జవాబులు స్వీకరించబడవట. అందులో నా నంబరొక్కటే చేత్తో రాసింది. ఏడాది చదువు పోయింది. ఆ రోజు పడవలో అందరి ముందూ ఏడ్చేశాను.

"పరీక్షలెప్పుడమ్మా?" అని మా అత్తగారు అడుగుతూనే ఉన్నారు. ఒకరోజు చెప్పక తప్పలేదు.

"జవాబులు సరిగ్గా రాయలేదని పరీక్షకి రానివ్వలేదండీ, అత్తయ్యగారూ," అన్నాను. ఆవిడ ప్రార్థన వల్లే పోయిందని చెప్పడానికి మనసొప్పలేదు.

 "నీ తప్పేవుందమ్మా! ఎదురుగా కూచుని చెప్పే మనిషే లేకపోతే ఎవరికి మాత్రం వస్తాది?" అన్నారు.

మర్నాడు సాయంత్రం వంట కాగానే వసారాలో నా ఎదురుగా చాప వేసుకుని కూర్చున్నారు. సంతకం కూడా చెయ్యలేని మనిషి. "నాకు చదివి చెప్పు, నేను వింటాను," అన్నారు. ఏడాది పోగొట్టింది చాలక నా సాయంత్రాలు కూడానా అని విసుగొచ్చింది. నడుం వాల్చితే చాలన్నట్టుంది నాకు. అయినా పుస్తకం తీసి, పంచాయతీల పాఠం యాంత్రికంగా చదువుకుంటూ పోయాను.

"ఆగమ్మా," అన్నారు. "ఓట్లేసి ఎన్నుకున్నాక ప్రెసిడెంటుగారు పని చెయ్యకపోతే మధ్యలో దింపెయ్యడానికి లేదా మరి?"

రెండేళ్ళ నా చదువులో నన్ను ఒక ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడే. నాకు జవాబు తెలియదు. తెలియదనే చెప్పాను.

"ఆయ్, పుస్తకంలో చూసే చెప్పమ్మా," అన్నారు. "నేనెక్కడికీ వెళ్ళను."